గాల్టన్ గీసిన గీత

ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ పేపర్ రాసిన వాళ్ళందరికీ లీనియర్ రిగ్రెషన్ తెలుసు. గ్రాఫ్ మీద చుక్కలు పెట్టడం, వాటి మధ్యగా ఒక గీత గీయడం, నార్మల్ ఈక్వేషన్లు రాసి ఏ, బి విలువలు కట్టడం, మార్కులు తెచ్చుకోవడం. మెషిన్ లెర్నింగ్ కోర్సు ఏది తెరిచినా మొదట ఎదురయ్యేదీ ఇదే. కానీ ఆ పేరు దగ్గర ఆగి ఆలోచించే వాళ్ళు తక్కువ. రిగ్రెషన్ అంటే వెనక్కి పోవడం. సాఫ్ట్‌వేర్‌లో రిగ్రెషన్ టెస్టింగ్ అంటే కొత్త కోడ్ వల్ల బాగున్నది వెనక్కి పోయిందా అని చూడటం, ఆ పేరుకి అర్థం ఉంది. చుక్కల మధ్య గీత గీస్తే వెనక్కి పోయేది ఏంటి?

దీనికి జవాబు ఒక మనిషి జీవితంలో ఉంది. ఆయన ఫ్రాన్సిస్ గాల్టన్. వేలిముద్రల శాస్త్రానికి పునాది వేసిన వాళ్ళలో ఒకడు, పేపర్లో వాతావరణ పటం వేయించినవాడు, కోరిలేషన్‌ని కొలవడం నేర్పినవాడు. యూజెనిక్స్ అనే మాట పుట్టించినవాడు కూడా ఆయనే. అందుకే ఈయన కథ చెప్పాలంటే మెచ్చుకోలుతో సరిపెట్టడం కుదరదు.

1822 ఫిబ్రవరి 16న ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ దగ్గర పుట్టాడు. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు. తండ్రి వైపు వాళ్ళు తుపాకుల తయారీలోనూ, బ్యాంకుల్లోనూ బాగా సంపాదించిన కుటుంబం. తల్లి ఎరాస్మస్ డార్విన్ కూతురు. అంటే పరిణామ సిద్ధాంతం చెప్పిన ఛార్లెస్ డార్విన్‌కీ ఈయనకీ తాత ఒక్కరే, అమ్మమ్మ, నాయనమ్మలు వేరు. అక్క ఎడెల్ దగ్గర కూర్చుని రెండున్నరేళ్ళకే పుస్తకాలు చదివేశాడట. ఇంట్లో అందరూ వీడు మహామేధావి అవుతాడని తేల్చేశారు. మనకీ తెలిసిన కథే కదా ఇది.

మొదట డాక్టర్ కోర్సులో వేశారు. బర్మింగ్‌హామ్ ఆస్పత్రిలో ఉండగా అక్కడున్న మందులన్నీ తన మీదే ప్రయోగించి చూద్దామని అక్షర క్రమంలో మొదలుపెట్టాడు. సి అక్షరంలో క్రోటన్ ఆయిల్ దాకా వచ్చాడు. అది మహా విరేచనకారి. ప్రయోగం అక్కడితో ఆగింది. పిచ్చి పనే, కానీ మనిషి స్వభావం అందులోనే ఉంది: ఏదైనా సరే వరసలో పెట్టాలి, ఒక్కొక్కటీ కొలవాలి, ఫలితం రాసుకోవాలి.

తర్వాత కేంబ్రిడ్జ్ ట్రినిటీ కాలేజీలో గణితం. అక్కడ ఆనర్స్‌లో పైన నిలవాలని రాత్రింబవళ్ళు చదివి మూడో ఏట ఆరోగ్యం, మనసు రెండూ పాడుచేసుకున్నాడు. చివరికి ఆనర్స్ లేకుండా మామూలు డిగ్రీతో బయటికొచ్చాడు. ఇంట్లో వాళ్ళు అనుకున్న మహామేధావి కాలేదన్నమాట. ఇది గుర్తుంచుకోండి, తర్వాత అవసరపడుతుంది.

1844లో తండ్రి పోయాడు. ఆస్తి చేతికొచ్చింది. ఇక జీవితాంతం జీతం కోసం పని చేయాల్సిన అవసరం ఆయనకి రాలేదు. ఈజిప్టు, సూడాన్, సిరియా తిరిగాడు. 1850 నుంచి 1852 వరకు ఇప్పుడు నమీబియా అంటున్న ప్రాంతంలో ప్రయాణించి మ్యాపులు గీశాడు, రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. ఆ ప్రయాణంలోనే ఒక ఆఫ్రికన్ స్త్రీ శరీర కొలతల్ని దూరం నుంచి సెక్స్‌టెంట్‌తో తీశాడు, ఆమెను అడగకుండానే. ఆ సంగతి తన పుస్తకంలో సరదాగా రాసుకున్నాడు. మనిషిని మనిషిగా కాక కొలతగా చూడటం అక్కడే కనబడుతుంది. 1853లో లూయిసా బట్లర్‌ని పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకి పిల్లలు కలగలేదు.

ఆ తర్వాత ఆయన కొలవనిది లేదు. టీ ఎంత వేడి నీళ్ళలో ఎంతసేపు ఉంటే రుచిగా ఉంటుందో కొలిచాడు. ప్రార్థనలు పనిచేస్తాయా అని రాజుల ఆయుష్షు లెక్క తీశాడు. ఊరు తీర్పు ఎంత నిజమో చూద్దామని, 1906లో ప్లిమత్ పశువుల ప్రదర్శనలో ఎద్దు బరువు పందెం చీటీలు 787 తెప్పించుకుని చూస్తే, వాటి మధ్య విలువ 1207 పౌండ్లు, అసలు బరువు 1198. వాతావరణం మీద పడి, గాలి పీడనం సమానంగా ఉన్న చోట్లని కలుపుతూ గీతలు గీసి, యాంటీసైక్లోన్ అనే మాట ఇచ్చాడు. 1875 ఏప్రిల్ 1న లండన్ టైమ్స్‌లో వచ్చిన వాతావరణ పటం ఆయనదే. సమాన విలువల్ని కలుపుతూ గీతలు గీసే ఈ అలవాటు పదేళ్ళ తర్వాత ఎక్కడ పనికొచ్చిందో చూద్దాం.

1859లో డార్విన్ పుస్తకం వచ్చింది. అది చదివాక గాల్టన్‌కి ఒకటే ధ్యాస, వారసత్వం. తల్లిదండ్రుల గుణాలు పిల్లలకి ఎంతవరకు వస్తాయి? 1869లో ఒక పెద్ద పుస్తకం వేశాడు, హెరిడిటరీ జీనియస్ అని. ఇంగ్లండ్ జడ్జీలు, మంత్రులు, సైంటిస్టులు, కవులు, వాళ్ళ కొడుకులు, తమ్ముళ్ళు, మనవళ్ళు, ఇలా పట్టికలు కట్టాడు. గొప్పవాళ్ళ దగ్గరి బంధువుల్లో గొప్పవాళ్ళు ఎక్కువ ఉన్నారు, కాబట్టి గొప్పతనం రక్తంలో వస్తుంది అని తేల్చాడు.

మన భాషలో చెప్పాలంటే ఇక్కడ ఎక్స్ తండ్రి హోదా, వై కొడుకు హోదా. రెండూ కలిసి కదులుతున్నాయి, నిజమే. కానీ జడ్జి గారి కొడుకుకి మంచి స్కూలు, పరిచయాలు, డబ్బు, తీరిక కూడా ఉంటాయి కదా? అవి ఎక్స్‌తో పాటే వస్తాయి, వై మీద పనిచేస్తాయి. వాటిని లెక్కలోకి తీసుకోకుండా మొత్తం ఘనతని ఎక్స్‌కే రాసేస్తే అది తప్పు లెక్క. దీన్నే ఇప్పుడు ఒమిటెడ్ వేరియబుల్ అంటున్నాం. తండ్రి ఆస్తితో దేశాలు తిరిగి పేరు తెచ్చుకున్న మనిషికి, డబ్బు అనే వేరియబుల్ కనపడకపోవడం వింతే! ఆ అభ్యంతరం తెలియక కాదు, తెలిసి, అది చిన్నదని పక్కన పెట్టాడు.

అలాగని మొండివాడూ కాదు. వారసత్వ కణాలు రక్తంలో తిరుగుతాయన్న డార్విన్ ఊహని పరీక్షిద్దామని ఒక కుందేలు రక్తం ఇంకో రకం కుందేలుకి ఎక్కించి పిల్లల్ని చూశాడు. ఊహ తప్పని తేలింది. అన్నగారు నొచ్చుకుంటారని తెలిసినా 1871లో ప్రచురించాడు. డేటా ఎదురు చెబితే వినగలిగిన మనిషే.

ఇక అసలు కథ. మనుషుల్లో కొలతలు దొరకడం కష్టం కాబట్టి బఠాణీ జాతి పూలమొక్కతో, అంటే స్వీట్ పీతో మొదలుపెట్టాడు. ఆ మొక్క తనలో తానే ఫలదీకరణ చేసుకుంటుంది, అంటే ఒక గింజకి తల్లీతండ్రీ ఒక్కరే. లెక్క సులువు. గింజల్ని బరువు ప్రకారం ఏడు సైజులుగా వేరుచేసి, ఒక్కో సైజుకి పదేసి గింజలు పొట్లాలు కట్టి, 1875లో ఏడుగురు మిత్రులకి పంచాడు. వాళ్ళలో డార్విన్ కూడా ఉన్నాడు. వాళ్ళు వాటిని నాటి, కాసిన గింజల్ని తిరిగి పంపారు.

వాటిలో రెండు విషయాలు కనపడ్డాయి. పెద్ద గింజల పిల్లలు సగటు కన్నా పెద్దవే, కానీ తల్లి అంత పెద్దవి కావు. చిన్న గింజల పిల్లలు చిన్నవే, కానీ తల్లి అంత చిన్నవి కావు. తల్లి సగటు నుంచి ఎంత దూరం ఉందో, పిల్లలు సగటున అందులో మూడో వంతు దూరమే ఉన్నాయి. రెండోది, ఏ సైజు తల్లి అయినా పిల్లల్లో చెదురు దాదాపు ఒకే లాగుంది. మొదటిది మన స్లోప్, బి విలువ. రెండోదాన్ని మన పుస్తకాలు ఎర్రర్ వేరియన్స్ స్థిరంగా ఉండాలి అనే షరతుగా రాస్తాయి. మనం బట్టీ పట్టే షరతు గాల్టన్‌కి గింజల్లో కనపడిన సంగతి. 1877లో ఈ ఫలితం చెప్పినప్పుడు ఆయన వాడిన మాట రివర్షన్.

కానీ ఆయనకి కావలసింది మనుషులు. 1884లో లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లో ఆరోగ్య ప్రదర్శన జరిగితే అందులో ఒక కొలతల ల్యాబ్ పెట్టాడు. మూడు పెన్నీలు ఇస్తే మీ ఎత్తు, బరువు, చూపు, ఊపిరి బలం కొలిచి కాగితం ఇస్తారు. 9,337 మంది వచ్చారు. డేటా ఇచ్చిన వాళ్ళే డబ్బులు కూడా కట్టారన్నమాట. ఇప్పటి యాప్‌లు కూడా ఇంత తెలివిగా లేవు! అదే ఏడాది, కుటుంబ వివరాలు నింపి పంపిన వాళ్ళకి మొత్తం 500 పౌండ్ల బహుమతులు ప్రకటించాడు. అలా వచ్చిన కాగితాల్లోంచి 205 జంటలు, వాళ్ళకి పుట్టి పెరిగిన 928 మంది పిల్లల ఎత్తులు దొరికాయి.

ఆడవాళ్ళ ఎత్తు మగవాళ్ళ ఎత్తుతో పోల్చడానికి 1.08తో గుణించాడు. తండ్రి ఎత్తూ, అలా గుణించిన తల్లి ఎత్తూ కలిపి సగం చేసి మిడ్-పేరెంట్ అన్నాడు. తర్వాత ఒక పెద్ద పట్టిక. ఒక వైపు మిడ్-పేరెంట్ ఎత్తు, ఇంకో వైపు పిల్లల ఎత్తు, గడుల్లో ఎంతమంది అని. ఆ అంకెల్ని పక్క గడులతో సగటు తీసి నునుపు చేసి, సమానమైన సంఖ్యలున్న చోట్లని కలుపుతూ గీతలు గీశాడు, అచ్చంగా వాతావరణ పటంలో గీసినట్టే. వచ్చిన బొమ్మలు దీర్ఘవృత్తాలు. ఒకే కేంద్రం, ఒకదానిలో ఒకటి. తన గణితం చాలక, కేంబ్రిడ్జ్‌లో డిక్సన్ అనే గణితజ్ఞుడికి వారసత్వం ఊసెత్తకుండా శుద్ధ గణిత సమస్యగా ఇచ్చాడు. డిక్సన్ లెక్క వేసి పంపిన జవాబు గాల్టన్ పట్టికతో సరిపోయింది. 1886లో పేపర్ వచ్చింది. అందులో రివర్షన్ పోయి రిగ్రెషన్ వచ్చింది. మామూలుతనం వైపు వెనక్కి మళ్ళడం అన్నది ఆ పేపర్ పేరులోనే ఉంది.

ఆ గీతని ఒకసారి చేత్తో వాడి చూద్దాం. సగటు 68.25 అంగుళాలు, స్లోప్ మూడింట రెండు. మిడ్-పేరెంట్ 72 అంగుళాలైతే, అంటే ఆరడుగులు, సగటు కన్నా 3.75 ఎక్కువ. అందులో మూడింట రెండు వంతులు 2.5. కాబట్టి పిల్లల అంచనా 70.75. అదే మిడ్-పేరెంట్ 65.25 అయితే మూడు తక్కువ, పిల్లలు రెండే తక్కువ, 66.25. వై = ఏ + బి × ఎక్స్ రూపంలో రాస్తే ఏ 22.75 వస్తుంది. అంటే ఎత్తు సున్నా ఉన్న తల్లిదండ్రులకి 22.75 అంగుళాల సంతానం! ఇంటర్‌సెప్ట్ అనేది గీతని సరైన చోట నిలబెట్టే మేకు మాత్రమే, డేటా లేని చోటికి గీతని లాగి అర్థం చెప్పకూడదు అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

మరి తరం తరానికీ అందరూ సగటు వైపు మళ్ళితే, కొన్నాళ్ళకి అందరం ఒకే ఎత్తు అయిపోవాలి కదా? అలా జరగడం లేదు. ఎందుకంటే గీత చెప్పేది సగటు మాత్రమే. 72 అంగుళాల వాళ్ళ పిల్లలందరూ 70.75 ఉండరు, దాని చుట్టూ చెదురుతారు. కొందరు తల్లిదండ్రుల్ని మించిపోతారు. సగటు ఎత్తు వాళ్ళకి పుట్టిన వాళ్ళలోనూ కొందరు చాలా పొడుగు అవుతారు. వెనక్కి మళ్ళడం వల్ల తగ్గింది ఈ చెదురు వల్ల నిండుతుంది. ఈ చెదురునే మనం రెసిడ్యువల్ అంటాం.

ఇక్కడే గాల్టన్ పాతవాళ్ళకి భిన్నం. చుక్కల మధ్య గీత పట్టే లెక్క ఆయన కన్నా ముందే ఉంది. లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిని లెజాండర్ 1805లో, గాస్ 1809లో ప్రచురించారు. కానీ వాళ్ళు చూసింది తోకచుక్కల్ని, గ్రహాల్ని. గ్రహం ఒక చోటే ఉంది, కొలతే తప్పింది, కాబట్టి చెదురు అంటే పొరపాటు, దాన్ని వదిలించుకోవాలి. గాల్టన్ పట్టికలో చెదురు పొరపాటు కాదు. అన్నదమ్ములు నిజంగానే వేర్వేరు ఎత్తుల్లో ఉంటారు. తేడానే చదవాల్సిన విషయం అనడం ఆయన చేసిన పెద్ద పని. ఈ రెండు దారుల్నీ కలిపి, రిగ్రెషన్ గీతని లీస్ట్ స్క్వేర్స్‌తో కట్టవచ్చని 1897లో యూల్ చూపించాడు. అలా గీత పాతది, పేరు గాల్టన్‌ది అయి మన సిలబస్‌కి చేరాయి.

ఇంకో సంగతి ఆయన పట్టికలోనే ఉంది. పిల్లల వైపు నుంచి చూసినా అదే కథ. బాగా పొడుగైన పిల్లల్ని తీసుకుని వాళ్ళ మిడ్-పేరెంట్‌ని చూస్తే, అది కూడా సగటు వైపే మళ్ళి ఉంటుంది. ఈసారి స్లోప్ మూడింట ఒకటి. పిల్లల నుంచి తల్లిదండ్రులకి వారసత్వం పోదు కదా! అంటే వెనక్కి లాగే శక్తి ఏదీ లేదు. రెండు కొలతల మధ్య సంబంధం పూర్తిగా లేనప్పుడు ఎటు నుంచి చూసినా ఇది జరిగి తీరుతుంది. మన మిడ్ పరీక్షలు చూడండి. మిడ్-1లో టాప్ వచ్చిన పదిమంది సగటు మిడ్-2లో సాధారణంగా కొంచెం తగ్గుతుంది. మిడ్-2 టాపర్లని తీసుకుని మిడ్-1 మార్కులు చూస్తే అవీ తక్కువే. అడుగున ఉన్న వాళ్ళని పిలిచి గట్టిగా క్లాస్ పీకితే తర్వాత మార్కులు పెరుగుతాయి. పీకకపోయినా కొంత పెరిగేవి. ఆ ఘనత తిట్లకి పోతుంది.

గాల్టన్ కొంతవరకు దీన్ని పట్టుకున్నాడు. 1888లో కోరిలేషన్ మీద పేపర్ రాశాడు. చేయి పొడవు, ఎత్తు లాంటి ఏ రెండు కొలతల మధ్యనైనా, వాటి చెదురుతో భాగించి ఒకే కొలబద్ద మీదికి తెస్తే, ఎటు నుంచి చూసినా స్లోప్ ఒక్కటే వస్తుంది అని. ఆ ఒక్క సంఖ్యే మన ఆర్. కానీ ఎత్తుల విషయంలో మాత్రం, పిల్లలని పూర్వీకులు అందరూ కలిసి సగటు వైపు లాగుతున్నారనే జీవశాస్త్ర కారణాన్ని చివరిదాకా వదల్లేదు.

అంతకన్నా బరువైన విషయం ఇంకోటుంది. 1883లోనే ఆయన యూజెనిక్స్ అనే మాట తయారుచేశాడు. మంచి వంశాల వాళ్ళు త్వరగా పెళ్ళి చేసుకుని ఎక్కువ మందిని కనాలి, తక్కువ వాళ్ళని తగ్గించాలి, అలా జాతిని బాగుచేయాలి అని. ఎవరు మంచివాళ్ళు? ఆయన లెక్కలో ఇంగ్లిష్ పై వర్గాలు పైన, ఆఫ్రికన్లు కింద. కానీ ఆయన గీత ఏం చెబుతోంది? చాలా పైనున్న వాళ్ళ పిల్లలు అంత పైన ఉండరని. చాలా పైకొచ్చే వాళ్ళలో ఎక్కువమంది మామూలు తల్లిదండ్రులకే పుడతారని, ఎందుకంటే మామూలు వాళ్ళే ఎక్కువమంది ఉన్నారు కాబట్టి. ఈ సంగతి గాల్టన్ తానే గమనించి రాశాడు కూడా. అన్నగారి సిద్ధాంతాన్ని కుందేళ్ళతో పరీక్షించిన మనిషి, తన పట్టిక చెప్పినదాన్ని రాసి కూడా తన నమ్మకాన్ని మార్చుకోలేదు. తరతరాలుగా ఎంపిక చేస్తే సరిపోతుంది అనుకున్నాడు. ఎత్తుకి గీసిన గీతని తెలివికి, గుణానికి కూడా వేసేశాడు. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా బాధ అనిపించేది ఇదే.

మధ్యలో వేలిముద్రల మీద 1892లో పుస్తకం వేశాడు. అందులో మన దేశం పాత్ర ఉంది. బెంగాల్‌లోని హుగ్లీలో అధికారిగా పనిచేసిన విలియం హెర్షెల్ ఏళ్ళ తరబడి సేకరించిన ముద్రలు ఆయనకి ఇచ్చాడు. వాటిని వర్గీకరించే పద్ధతిని వాడుకలోకి తేవడంలో కలకత్తా పోలీసు శాఖలోని అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల శ్రమ చాలా ఉంది, పేరు మాత్రం వాళ్ళ పై అధికారి హెన్రీకి వెళ్ళింది.

1897లో లూయిసా చనిపోయింది. 1909లో గాల్టన్‌కి సర్ బిరుదు వచ్చింది. 1911 జనవరి 17న సర్రేలోని హేజిల్‌మియర్‌లో చనిపోయాడు. వీలునామాలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో యూజెనిక్స్ ప్రొఫెసర్ పదవికి డబ్బు రాసిపెట్టాడు. మొదటి ప్రొఫెసర్ కార్ల్ పియర్సన్, మన ఫార్ములాలో ఆర్ పక్కన పేరున్న ఆయనే. అప్పటికే అమెరికాలోని ఇండియానా రాష్ట్రం 1907లో బలవంతపు స్టెరిలైజేషన్ చట్టం చేసింది. 1933లో జర్మనీ చేసింది. ఆ చట్టాలు గాల్టన్ రాసినవి కావు. కానీ ఆ ఆలోచనకి సైన్స్ అనే గౌరవం ఇచ్చిన వాళ్ళలో మొదటి పేరు ఆయనదే. 2020లో ఆ కాలేజీ తన లెక్చర్ హాలుకున్న గాల్టన్ పేరు తీసేసింది.

లెక్క మాత్రం వేరే దారుల్లో కూడా నడిచింది. గాల్టన్ అండతో 1901లో మొదలైన బయోమెట్రికా పత్రిక సంపుటాలు కేంబ్రిడ్జ్‌లో మహలనోబిస్ గారి కంట పడ్డాయి. ఆయన వాటిని ఇండియాకి తెచ్చుకున్నారు, తర్వాత కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎం.ఏ. చేసిన మన సి. ఆర్. రావు గారు 1941లో అక్కడికే చేరారు.

ఆ 928 మంది పిల్లల పట్టిక ఇప్పటికీ ఉంది. ఆర్ సాఫ్ట్‌వేర్‌లో హిస్ట్‌డేటా అనే ప్యాకేజీలో గాల్టన్ పేరుతోనే దొరుకుతుంది, ల్యాబ్‌లో రెండు లైన్ల కోడ్‌తో రన్ చేయొచ్చు. స్లోప్ మూడింట రెండుకి దగ్గరగా 0.646 వస్తుంది. తిరగేసి రన్ చేస్తే 0.326. ఆర్-స్క్వేర్ 0.21. పిల్లల ఎత్తుల్లోని తేడాలో ఐదో వంతు మాత్రమే ఆ గీతలో ఉంది. మిగిలిన నాలుగు వంతులు రెసిడ్యువల్స్‌లోనే ఉన్నాయి.